తప్పుదారి చెప్పిన రోజు

పంతొమ్మిదేళ్లుగా నాదొక కిటికీ.
తిరుపతి బస్టాండులో విచారణ అని రాసిన కిటికీ,
చెయ్యి పట్టేంత కంత దానికి.
కాణిపాకం ఎన్నో ప్లాట్‌ఫారం, మదనపల్లి ఎన్నింటికి,
లాస్టు బస్సు పోయిందామ్మా?
పోయింది. ఉంది. ఇటు కాదు, అటు.
నేను చెప్పిన దారినపోయి
ఇంతవరకూ ఒక్కరు తప్పిపోలేదు.
నాకుండే గొప్ప అదొక్కటే.

శనివారం పొద్దున ఒక పిలగాడు
బైరాగిపట్టెడలో కల్యాణమండపానికి దారి అడిగి
చిన్న గుడ్డసంచి మరిచి పోయినాడు.
విప్పి చూస్తే గోళీలు కావు, మనకు తెలిసిన పాచికలూ కావు.
ఒక్కోదానికి ఇరవై ముఖాలు,
నేరేడు పండు రంగు,
అంకెలు మాత్రం బంగారు నీళ్లతో.
డ్యూటీ దిగినాక ఇచ్చొద్దామని పోయినా.

కింద ఎవరికో చెవులు కుట్టే ఫంక్షను, సాంబారు వాసన.
పైన ఏడు బల్లలు, నలభై మంది,
లేని వంతెన గురించి
ఉన్నదానికన్నా గట్టిగా కొట్లాడతా ఉండారు.
పెళ్లి కాదు, పార్టీ మీటింగు కాదు,
కోచింగు క్లాసు అసలే కాదు.

"మేడమ్, మా బల్లకి ఒకరు తక్కువ"
అన్నాడు సంచి అందుకున్న జయచంద్ర.
కాళ్లు లాగుతుంటే ఐదు నిమిషాలని కూర్చున్నా.
చేతికొక కాగితమిచ్చినాడు: తాళాలు తీసే దొంగ.
పేరు పెట్టమంటే
నా నోటికి ఇంకేమొస్తుంది,
పీలేరు.
ఎవరూ నవ్వలేదు.
"పీలేరూ, చీకటిగా ఉంది, నా వెనకాల నిలబడు" అనింది
కత్తి దూసిన షకీలా. పగలు ఇంజెక్షన్లు వేసే నర్సంట.
పలమనేరు టమోటా మండీ గుమాస్తా గోవిందస్వామి
మంత్రగాడు. నిప్పు పుట్టించే ముందు
వేళ్ల మీద లెక్క కట్టుకుంటాడు, మండీలో లాగే.
కుప్పం ఎళిలరసి అరవం కలిసిన తెలుగులో
గాయాల మీదికి పాట కడుతుంది.

జయచంద్ర నా వైపు తిరిగినాడు.
"పీలేరూ, ఇప్పుడు నువ్వేం చేస్తావు?"

పంతొమ్మిదేళ్లుగా అందరూ
బస్సేం చేస్తుందనే అడిగినారు.
గొంతు తడారింది.
ఈ జవాబు ఏ టైంటేబుల్లోనూ లేదు.

"వెనక్కి పోతా" అన్నా.
వెయ్యమన్నారు, వేసినా. మూడు.
కాలు జారి గోతిలో పడ్డా.
షకీలా తాడు దించింది.
"మొదట్లో మాకూ అంతేలే మా" అన్నాడు గోవిందస్వామి.

తర్వాత వంతెన కొసన రక్కసి.
గనిలోంచి మేము దాటించిన పిల్లలు
నా వెనక పొదలో ఊపిరి బిగబట్టుకోనుండారు.
"ఎటు పోయినారు వాళ్లు?" అని గర్జించినాడు.
అప్పుడు నాకు తెలీకుండానే
కిటికీ గొంతు వచ్చేసింది.
"ఇటు కాదు నాయనా, అటు.
నాలుగో ప్లాట్‌ఫారం దాటినాక ఎడమకి తిరుగు.
బిరాన పో, అదే లాస్టు."

పాచిక దొర్లి బల్ల కింద పడింది.
ఐదు తలకాయలు ఒకేసారి వంగినాయి.
పద్దెనిమిది!

అదే కథ ఏడు బల్లల మీదా నడుస్తా ఉందని
అప్పుడుగానీ నాకు తెలీలేదు.
ఎవరో గంట కొట్టి అరిచినారు:
"మూడో బల్ల వాళ్లు కోట తలుపు తీసినారు!"
ముక్కూ ముఖం తెలీని మనుషులు
అక్కడ తెరిచిన తలుపులోంచి
ఇక్కడ మా పిల్లలు బయటపడినారు.
మూడో బల్ల మీదినించి ఒక ముసలాయన
నాకు చెయ్యి ఊపినాడు. నేనూ ఊపినా.
కన్నీళ్లెందుకో, సాంబారు పొగ అనుకున్నా.

ఐదు నిమిషాలు నాలుగు గంటలైనాయి.
కాగితం మీద సంతకం పెట్టి జయచంద్ర అన్నాడు:
"వేలూరులో చూపించండి, బెంగళూరులో చూపించండి,
ఏ బల్లకాడైనా పీలేరుకు చోటుంటుంది."
పాసులు నేను చాలా చూసినా.
ఇట్లాంటిది చూళ్లేదు.

సోమవారం కంతలోంచి ఒకాయన
"పీలేరు ఎక్కడమ్మా?" అన్నాడు.
ఇక్కడే, అనబోయి నాలిక కరుచుకున్నా.
ఆరో ప్లాట్‌ఫారం, అన్నా.
ఆయనకి సరైన దారే చెప్పినా.